మృత్యు ప్రవృత్తి ఎవరి ఆలోచన: ఫ్రాయిడ్‌దా, సబీనా స్పీల్‌రైన్‌దా?

మీరు రెండు విషయాలు అడిగారు. ఎం.ఏ. సెమినార్ కోసం ఫ్రాయిడ్ చెప్పిన మృత్యు ప్రవృత్తి మీద, అంటే మనిషిని లోపలి నుంచే చావు వైపు లాగే పోకడ ఒకటి ఉందన్న ఆలోచన మీద వ్యాసం రాస్తున్నారు. సబీనా స్పీల్‌రైన్ అనే రష్యన్ వైద్యురాలు ఆ మాటను ఆయన కంటే ఎనిమిదేళ్ళ ముందే రాసిందనీ, ఫ్రాయిడ్ దాన్ని కాజేశాడనీ ఎక్కడో చదివారు. అది నిజమా అన్నది మొదటి ప్రశ్న. ఈ ఆలోచన అసలు మన ఉపనిషత్తుల నుంచీ బౌద్ధం నుంచీ పడమటికి వెళ్ళిందని స్నేహితులు అంటున్నారట, అందులో ఎంత వాస్తవం ఉందన్నది రెండోది.

ఫ్రాయిడ్‌ను చాలా ఏళ్ళు క్లాసులో పాఠంగా చెప్పినవాణ్ణి కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కాజేశాడనడం తప్పు. స్పీల్‌రైన్‌కు అన్యాయమే జరగలేదనడం అంతకంటే పెద్ద తప్పు. వాళ్ళిద్దరూ చెప్పినవి పైకి ఒకేలా కనబడే రెండు వేర్వేరు ఆలోచనలు. ఆ తేడా పట్టుకోకుండా ఎవరు ముందు, ఎవరు వెనక అని లెక్కలు వేస్తే ఇద్దరినీ అపార్థం చేసుకుంటాం.

స్పీల్‌రైన్ 1885లో రోస్తోవ్‌లో సంపన్న యూదు కుటుంబంలో పుట్టింది. 1904 ఆగస్టులో, పద్దెనిమిదేళ్ళ వయసులో, హిస్టీరియా లక్షణాలతో జ్యూరిక్‌లోని బుర్గ్‌హోల్‌ట్స్‌లీ మానసిక వైద్యశాలలో చేరింది. అక్కడ ఆమెకు వైద్యం చేసింది ఆ వైద్యశాలలోని మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్. ఫ్రాయిడ్ పద్ధతిని ఆయన ప్రయోగించి చూసిన తొలి రోగుల్లో ఆమె ఒకరు. తర్వాత వాళ్ళ మధ్య నడిచిన అనుబంధం గురించి సినిమాలూ పుస్తకాలూ చాలానే వచ్చాయి, దాని జోలికి నేను పోను. ఆ కథ ఎంత ప్రచారమైందో ఆమె ఆలోచన అంత మరుగున పడిపోయిందన్నది నా బాధ. పది నెలల్లో కోలుకుని ఆమె జ్యూరిక్‌లోనే వైద్యవిద్యలో చేరింది. 1911లో ఒక స్కిజోఫ్రేనియా రోగి మాటల్లోని అర్థాలను విశ్లేషిస్తూ డాక్టరేటు సిద్ధాంత వ్యాసం రాసింది. బయటివాళ్ళకు అర్థంపర్థం లేనట్టు వినిపించే మాటల్లో చావు ఊహలూ లైంగిక ఊహలూ ఎలా కలగలిసిపోతాయో ఆమె దగ్గరగా విన్నది అక్కడే. 1912 నాటి వ్యాసానికి విత్తనం కూడా అక్కడే పడిందని నేననుకుంటాను.

1911 అక్టోబరులో ఆమె ఫ్రాయిడ్ నాయకత్వంలోని వియన్నా మనోవిశ్లేషణ సంఘంలో సభ్యురాలైంది. ఆమెను చేర్చుకున్న సాయంత్రమే, ఫ్రాయిడ్ తొలి సహచరుల్లో ఒకడైన ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ వర్గం సంఘంతో తెగతెంపులు చేసుకుంది. నవంబరు చివర్లో ఆమె తన వ్యాసంలోంచి ఒక భాగాన్ని అక్కడ చదివింది. మనిషిలో సహజమైన మరణ ప్రవృత్తి అంటూ ఒకటి ఉందా అన్న మెచ్నికోవ్ ప్రశ్నతో ప్రసంగం మొదలైంది. ఈయన ఎలీ మెచ్నికోవ్, రోగనిరోధక శక్తి మీద చేసిన పరిశోధనకు 1908లో నోబెల్ బహుమతి అందుకున్న జీవశాస్త్రవేత్త. నిండు జీవితం గడిపిన మనిషికి ఆకలీ నిద్రా వచ్చినట్టే చివరికి చావాలన్న కోరిక కూడా సహజంగా రావాలని ఆయన 1903లోనే రాశాడు. అంటే మృత్యు ప్రవృత్తి అన్న మాట స్పీల్‌రైన్ నోట కూడా అప్పటికే వేరొకరి నుంచి వచ్చిన మాటే. పేటెంటు హక్కుల భాషలో ఈ చరిత్ర చెప్పలేమనడానికి నాకు ఈ ఒక్క సంగతి చాలు.

ఇక ఆమె వ్యాసం. 1912లో మనోవిశ్లేషణ వార్షిక సంచికలో వచ్చింది. పేరును తెలుగులో ‘ఆవిర్భావానికి కారణంగా విధ్వంసం’ అనవచ్చు. ఆ పేరులోనే ఆమె సిద్ధాంతమంతా ఉంది. ఆమె ఒక సూటి ప్రశ్నతో మొదలుపెడుతుంది. సంతానోత్పత్తి ప్రవృత్తి అన్నిటికంటే బలమైనది కదా, మరి దాని వెంట ఆనందంతో పాటు భయం, జుగుప్స ఎందుకు వస్తాయి? సమాజం పెట్టే ఆంక్షల వల్ల అని చాలామంది జవాబిచ్చేవారు. ఆ జవాబు ఆమెకు చాలలేదు. ఆ భయం కామంలోపలే ఉందని ఆమె వాదన.

ఎలా ఉందో చూపడానికి ముందు జీవశాస్త్రంలోకి వెళుతుంది. స్త్రీ కణం, పురుష కణం కలిసినప్పుడు రెండూ తమ విడి రూపాన్ని పోగొట్టుకుంటాయి. ఆ పోగొట్టుకోవడం లేకుండా కొత్త ప్రాణి లేదు. కొన్ని కీటకాలు సంతానాన్ని కని వెంటనే చచ్చిపోతాయి. మనిషిలో అంత జరగకపోయినా మనసుకు ఆ నష్టం తెలుస్తుందంటుంది. తర్వాత మనసులోకి వస్తుంది. మనలో ‘నేను’ అనే భాగం ఉన్నచోటే ఉండాలని, మారకూడదని కోరుతుంది. జాతికి చెందిన మరో భాగం ఆ ‘నేను’ను కరిగించి ‘మనం’గా మార్చాలని చూస్తుంది. ప్రేమలో పడినవాళ్ళకు ‘నన్ను నేను పోగొట్టుకుంటున్నాను’ అన్న భయమూ, అదే పోగొట్టుకోవడంలో పరవశమూ రెండూ కలిసి వచ్చేది ఇందుకే. మూడో భాగంలో పురాణాలూ సంగీత నాటకాలూ వస్తాయి. జర్మన్ స్వరకర్త వాగ్నర్ నాటకంలో బ్రూన్‌హిల్డ్ గుర్రంతో సహా ప్రియుడి చితిలోకి దూకడం, మరో నాటకంలో సెంటా సముద్రంలోకి దూకడం ఆమెకు ముఖ్యమైన ఉదాహరణలు. ఆదాము కాలం నాటి చెట్టు, ఏసును వేసిన శిలువ మాను ఒకటేనన్న క్రైస్తవ గాథను కూడా తెస్తుంది. చావును తెచ్చిన చెట్టే జీవితాన్ని ఇచ్చే చెట్టు కావడం ఆమె వాదానికి సరిగ్గా అతుకుతుంది.

ఇప్పుడు చూడండి, ఇందులో విధ్వంసం దేనికోసం? కొత్తదాని పుట్టుక కోసం. స్పీల్‌రైన్ దగ్గర మృత్యువు కామానికి శత్రువు కాదు, దాని లోపలి భాగమే. పాత రూపం చెడకుండా కొత్త రూపం రాదని ఆమె చెప్పేది. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే, ఫ్రాయిడ్ దగ్గరికి వెళ్ళాక తేడా మీకే తెలుస్తుంది.

వియన్నాలో ఆ ప్రసంగానికి వచ్చిన స్పందన ఆదరంగా లేదు. మర్నాడే ఫ్రాయిడ్ యుంగ్‌కు ఉత్తరం రాశాడు. మానసిక విషయాలను ఆమె జీవశాస్త్రానికి లోబరుస్తోందనీ, తత్త్వశాస్త్రం మీదో మెదడు నిర్మాణం మీదో ఆధారపడటం ఎంత కూడదో ఇదీ అంతే కూడదనీ, మనోవిశ్లేషణ తన కాళ్ళ మీద తాను నిలబడగలదనీ ఆయన అభ్యంతరం. 1912 మార్చిలో రాసిన మరో ఉత్తరంలో, ఆమె చెప్పే విధ్వంస ప్రవృత్తి తనకు అంతగా రుచించడం లేదనీ, అది ఆమె సొంత మనస్థితి నుంచి వచ్చినట్టుందనీ అన్నాడు. ఈ రెండో మాట నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. వాదానికి జవాబివ్వవలసిన చోట వాదించిన మనిషి జబ్బును వెతకడం అది. ఆమె ఒకప్పుడు రోగి కాబట్టి అలా అనడం ఆయనకు సులువైంది.

అప్పటి ఫ్రాయిడ్ ఇలాంటి ఆలోచన ఎవరు తెచ్చినా తోసిపుచ్చేవాడన్నది కూడా చెప్పాలి. ఆడ్లర్ 1908లో దూకుడు ప్రవృత్తి అని ఒకటి విడిగా ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది ప్రచురించిన ‘చిన్నారి హాన్స్’ అనే పిల్లాడి కేసులో ఫ్రాయిడ్ దాన్ని ఒప్పుకోలేదు. ఆత్మరక్షణ, కామం అనే రెండింటి పక్కన మూడోది చేర్చడం ఆయనకు ఇష్టం లేదు.

మరి ఆయన ఎందుకు మారాడు? నా లెక్కలో మొదటి కారణం యుద్ధం. 1914-18 మధ్య కందకాల్లో షాక్ తిన్న సైనికులు రాత్రుళ్ళు అదే పేలుడును కలలో మళ్ళీ మళ్ళీ చూసి కేకలు వేస్తూ లేచేవారు. కల అంటే కోరిక తీరడం అని 1900 నుంచి చెబుతూ వచ్చిన మనిషికి ఇది పెద్ద చిక్కు. ఆ కలలో ఏ కోరిక తీరుతోంది? 1918 సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో జరిగిన మనోవిశ్లేషకుల మహాసభలో ముఖ్య చర్చ ఈ యుద్ధ రోగుల గురించే.

రెండోది ఆయన సొంత కుటుంబంలోనే చూసినది. కూతురు సోఫీ కొడుక్కి అప్పుడు ఏడాదిన్నర. తల్లి బయటికి వెళితే ఏడ్చేవాడు కాదు. దారం కట్టిన చెక్క కండెను తెరలున్న ఉయ్యాల మంచం అంచు మీదుగా లోపలికి విసిరి, అది కనబడకుండా పోగానే ‘ఓ-ఓ-ఓ’ అని సాగదీసేవాడు. ‘పోయింది’ అనే జర్మన్ మాట పిల్లాడి నోట అలా పలికిందని ఫ్రాయిడూ, పిల్లాడి తల్లీ అర్థం చేసుకున్నారు. తర్వాత దారం లాగి, కండె బయటికి రాగానే ‘ఇదిగో’ అని సంబరపడేవాడు. ఫ్రాయిడ్ గమనించినది ఇంకొకటుంది. ఎక్కువసార్లు పిల్లాడు మొదటి సగమే ఆడేవాడు. పారేయడం వరకే. సంతోషమంతా రెండో సగంలో ఉంటే మొదటి సగాన్ని పదే పదే ఎందుకు ఆడుతున్నాడు? బాధ పెట్టినదాన్ని తిరిగి తిరిగి తెచ్చుకోవడం అనే ఈ గుణాన్ని ఆయన చికిత్సకు వచ్చే రోగుల్లోనూ చూశాడు. సుఖం కోసమే మనసు పనిచేస్తుందన్న సూత్రం దీన్ని వివరించలేదు.

అక్కడి నుంచి ఆయన ఒక పెద్ద అంగ వేశాడు. అది ఊహే అని ఆయనే ఒప్పుకున్నాడు. ప్రతి ప్రవృత్తీ ఒకప్పటి స్థితికి తిరిగి వెళ్ళాలని చూస్తుందన్నాడు. జీవం లేని పదార్థం నుంచి జీవం వచ్చింది కాబట్టి అన్నిటికంటే పాత స్థితి జడత్వం. అందువల్ల జీవం గమ్యమంతా మరణమే. 1920 చివర్లో వచ్చిన ‘సుఖ సూత్రానికి ఆవల’ పుస్తకం సారాంశం ఇది. దీనికి ఎదురుగా, విడివిడి వాటిని కలుపుతూ పోయే శక్తిగా ప్రేమను, ఈరోస్‌ను నిలబెట్టాడు. చాలామంది విద్యార్థులు మృత్యు ప్రవృత్తికి థానటోస్ (గ్రీకులో మృత్యువు) అన్న పేరు ఫ్రాయిడ్ పెట్టాడని రాస్తారు. ఆయన ప్రచురించిన రచనల్లో ఆ పేరు లేదు, మీ వ్యాసంలో ఆ తప్పు రానివ్వకండి.

ఇప్పుడు ఇద్దరినీ పక్కపక్కన పెట్టండి. స్పీల్‌రైన్ మృత్యువు ముందుకు చూస్తుంది, కొత్తదాన్ని కంటుంది. ఫ్రాయిడ్ మృత్యువు వెనక్కి చూస్తుంది, రాయిలా మళ్ళీ నిశ్చలం కావాలంటుంది. ఆమెది ఒకే ప్రవృత్తికి రెండు ముఖాలు. ఆయనది ఒకదానితో ఒకటి పెనుగులాడే రెండు ప్రవృత్తులు. పైగా ఆమె బయలుదేరింది ప్రేమలోని భయం నుంచి. ఆయన బయలుదేరింది పీడకల నుంచి, పిల్లాడి ఆట నుంచి. దొంగిలించినవాడు ఇంత వేరే దారిలో నడిచి ఇంత వేరే చోటికి చేరడు.

అయితే రుణం ఎక్కడ ఉంది? పుస్తకం ఆరో అధ్యాయంలో. 1915 వరకు ఫ్రాయిడ్ అభిప్రాయం ఏమిటంటే, మనిషి ముందు ఎదుటివాణ్ణి హింసించాలనుకుంటాడు, తనను తాను హింసించుకోవడం దాని మలుపు మాత్రమే. 1920లో దాన్ని సవరించుకుని, తన మీదికి తిరిగిన విధ్వంసమే మొదటిది కావచ్చని రాశాడు. సరిగ్గా అక్కడ ఒక ఫుట్‌నోట్ పెట్టాడు. ఈ ఊహల్లో చాలా భాగాన్ని సబీనా స్పీల్‌రైన్ 1912లోనే ముందుగా చెప్పిందనీ, ఆమె వ్యాసం ఎంతో బోధపరిచేదీ ఆసక్తికరమైనదీ అనీ, కానీ దురదృష్టవశాత్తు తనకు పూర్తిగా స్పష్టం కాలేదనీ దాని భావం. కాజేసినవాడు ఇలా పేరు పెట్టి చెప్పడు. కానీ ‘నాకు స్పష్టం కాలేదు’ అన్న ఆ తోక ఆమెకు చేసిన నష్టం చిన్నది కాదు. తర్వాత యాభై ఏళ్ళకు పైగా చాలామంది మనోవిశ్లేషకులకు ఆమె ఆ ఫుట్‌నోట్‌లోని పేరు మాత్రమే. తనను తాను చెరుపుకోవాలనే పోకడ కామంలో మొదటి నుంచీ ఉందన్న ముఖ్యమైన అడుగు ఆమెది. ఫ్రాయిడ్ అక్కడికి ఎనిమిదేళ్ళ తర్వాత చేరాడు. పైగా 1911లో ఆమెను దేనికి తప్పుబట్టాడో, 1920లో అదే చేశాడు. ఆరో అధ్యాయం నిండా జీవశాస్త్రమే. చావు లేనిది బీజకణానికే, శరీరానికి కాదన్న జీవశాస్త్రవేత్త వైస్‌మన్ వాదం, ఏకకణ జీవిని 3,029వ తరం దాకా పెంచిన మరో జీవశాస్త్రవేత్త వుడ్రఫ్ ప్రయోగం, అన్నీ అక్కడున్నాయి.

ఆయన ఈ సంగతి తెలియనివాడేమీ కాదు. విధ్వంస ప్రవృత్తి అన్న ఆలోచన మనోవిశ్లేషణ రచనల్లో మొదట తలెత్తినప్పుడు తాను దాన్ని ఎలా అడ్డుకున్నాడో, ఒప్పుకోవడానికి తనకు ఎంత కాలం పట్టిందో 1930లో నాగరికత మీద రాసిన పుస్తకంలో స్వయంగా గుర్తుచేసుకున్నాడు. అక్కడ మాత్రం ఆమె పేరు చెప్పలేదు. ఆ చోట చెప్పి ఉండాల్సిందని నా గట్టి నమ్మకం.

ఆమె భయపడింది ఫ్రాయిడ్ గురించి కాదన్న సంగతి చాలామందికి తెలియదు. 1910 చివర్లో డైరీలో, తన ఆలోచనను యుంగ్ తనదిగా రాసేసుకుంటాడేమోనని ఆందోళన పడింది. వార్షిక సంచికకు యుంగ్ సంపాదకుడు, ఆమె రాతప్రతి ఆయన చేతిలో ఉంది, అదే సమయంలో ఆయన కూడా లిబిడో, అంటే కామశక్తి మీద తన పెద్ద పుస్తకం రాస్తున్నాడు. 1912లో ఆయన ఆమెకు రాసిన ఉత్తరంలో, మరణేచ్ఛ సంగతి తనకంటే ముందు ఆమెకే స్పష్టమైందని ఒప్పుకున్నాడు. ఎవరి దగ్గర ఎవరు తీసుకున్నారన్న ప్రశ్న వేయాలంటే ఇక్కడ వేయడం ఎక్కువ సబబు.

సోఫీ మరణం గురించి కూడా మీ పుస్తకాల్లో తగులుతుంది. 1920 జనవరి 25న, ఇరవయ్యారేళ్ళ వయసులో, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో ఆమె హాంబర్గ్‌లో చనిపోయింది. కూతురు పోయిన దుఃఖంలోంచే ఈ సిద్ధాంతం పుట్టిందని తొలి జీవితచరిత్రకారులు రాశారు. ఫ్రాయిడ్ దీన్ని ముందే ఊహించి, సోఫీ ఆరోగ్యంగా ఉన్నప్పుడే పుస్తకం సగం పూర్తయిందని నీవు సాక్ష్యం చెప్పగలవు కదా అని మిత్రుడు ఐటింగోన్‌కు ఉత్తరం రాశాడు. 1919లో మొదటి రాతప్రతి తయారైన మాట నిజమే. ఆ ఏడాది ఆగస్టులోనే మరణం గురించి రాస్తున్నాననీ, అందుకోసం జర్మన్ తత్త్వవేత్త షోపెన్‌హవర్‌ను మొదటిసారి చదువుతున్నాననీ స్నేహితురాలు, రచయిత్రి లూ ఆండ్రియాస్-సలోమేకు చెప్పాడు. కానీ ఆ రాతప్రతిలో ఆరో అధ్యాయం లేదు. జీవన, మృత్యు ప్రవృత్తుల వాదమంతా నడిచేది, స్పీల్‌రైన్ ఫుట్‌నోట్ ఉన్నదీ ఆ అధ్యాయంలోనే. అది 1920లో చేరింది. కాబట్టి ఆలోచన దుఃఖంలోంచి పుట్టలేదు. అయితే దుఃఖం దాన్ని అసలు తాకలేదని మాత్రం అనలేం.

ఇక మీ రెండో ప్రశ్న. ఉపనిషత్తు ఆ పుస్తకంలో నిజంగానే ఉంది. 1921 ముద్రణలో చేర్చిన ఒక ఫుట్‌నోట్‌లో బృహదారణ్యకంలోని సృష్టి కథను ఫ్రాయిడ్ ఉదహరించాడు. ‘స వై నైవ రేమే, తస్మాదేకాకీ న రమతే, స ద్వితీయమైచ్ఛత్’ అని మనకు తెలిసిన భాగమే. ఒంటరిగా ఉన్నవాడికి సంతోషం లేక రెండోవారిని కోరి, తనను రెండుగా చీల్చుకున్న కథ. అయితే అది ఈరోస్ పక్షాన వచ్చిన సాక్ష్యం. మనుషులు ఒకప్పుడు జంటలుగా అతుక్కుని ఉండేవారన్న ప్లేటో కథకు మూలం ఎక్కడిదన్న చర్చలో, గొంపెర్జ్ అనే వియన్నా ఆచార్యుడి సాయంతో చేర్చినది. మృత్యు ప్రవృత్తికి దానితో సంబంధం లేదు.

ఇక బౌద్ధం సంగతి. ఫ్రాయిడ్ పుస్తకంలో కనబడే ‘నిర్వాణ సూత్రం’ అన్న పేరు బార్బరా లో అనే ఇంగ్లండు మనోవిశ్లేషకురాలిది. మనసులోని ఉద్రేకాన్ని సున్నాకు తేవాలనే పోకడకు ఆమె ఆ పేరు పెట్టింది, ఫ్రాయిడ్ తీసుకున్నాడు. బౌద్ధం చదివి తీసుకున్నది కాదు. బుద్ధుడి మాటల్లో చావాలనే కోరికకు దగ్గరగా ఉన్నది విభవ తృష్ణ, అంటే లేకుండా పోవాలనే దాహం. ధర్మచక్ర ప్రవర్తన సూత్రంలో అది దుఃఖానికి కారణమైన మూడు తృష్ణల్లో ఒకటి. నిర్వాణం చేరాలంటే వదులుకోవలసినది. ఫ్రాయిడ్ దగ్గర ఆ రెండూ ఒకటైపోయాయి, అందుకే అది బౌద్ధం కాదు. మన దేశపు ఆలోచన నిజంగా ఏదైనా చేరి ఉంటే అది షోపెన్‌హవర్ ద్వారా. ఆయన ఉపనిషత్తులను లాటిన్ అనువాదంలో జీవితమంతా చదివాడు, తన వాదం షోపెన్‌హవర్ రేవుకు చేరిందని ఫ్రాయిడ్ ఆ పుస్తకంలోనే ఒప్పుకున్నాడు. అంతకు మించి చెప్పడానికి ఆధారం లేదు.

స్పీల్‌రైన్ 1923లో రష్యా తిరిగి వెళ్ళింది. ముగ్గురు తమ్ముళ్ళనూ స్టాలిన్ కాలపు ప్రక్షాళనలు మింగేశాయి. రోస్తోవ్‌ను ఆక్రమించిన నాజీలు 1942 ఆగస్టులో యూదులను ఊరి చివరి లోయకు తోలుకెళ్ళి చంపారు. వాళ్ళలో ఆమె, ఆమె ఇద్దరు కూతుళ్ళు రెనాటా, ఈవా ఉన్నారు. ఆమె డైరీలూ ఉత్తరాలూ 1977లో జెనీవాలోని ఒక పాత భవనం నేలమాళిగలో బయటపడ్డాయి. మనం ఈ చర్చ చేయగలుగుతున్నది వాటి వల్లే.

మీ వ్యాసం విషయంలో ఒక సలహా. ముందు ఆమె వ్యాసం చదవండి, ఇంగ్లీషు అనువాదం దొరుకుతుంది. పురాణాల భాగం కష్టంగా ఉంటే మొదటి రెండు భాగాలైనా పూర్తి చేయండి. ఆ తర్వాతే ఫ్రాయిడ్ పుస్తకం రెండో అధ్యాయం, ఐదు, ఆరు చదవండి. ఈ వరస తప్పితే ఆమెను ఫ్రాయిడ్ కళ్ళతోనే చదువుతారు, ఆయనకు స్పష్టం కానిది మీకూ స్పష్టం కాదు. ‘కాజేశాడు’ అన్న మాట తీసేసి, స్వీయ విధ్వంసం మొదటిదా, తర్వాతిదా అన్న ఒక్క అంశం మీద 1912, 1915, 1920 రచనలను పోల్చండి. సెమినార్‌కు ఆ ఒక్కటే నిండుగా సరిపోతుంది.